పియానో నేర్పిస్తే పాపకి లెక్కలు బాగా వస్తాయా?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది విజయవాడ, పటమట. మా పాపకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఏడాది క్రితం ఇంటికి దగ్గర్లో పియానో క్లాసులో చేర్పించాం. పియానో నేర్చుకుంటే బ్రెయిన్ రెండు వైపులా పనిచేస్తుందని, లెక్కల్లో ముందుంటారని అక్కడ చెప్పారు. ఇంట్లో 61 కీస్ ఉన్న కీబోర్డ్ కొన్నాం. మొదటి ఆరు నెలలు ఎంతో ఇష్టంగా వాయించేది. ఇప్పుడు గ్రేడ్ వన్ అనే పియానో పరీక్షకి ప్రిపేర్ చేయిస్తున్నారు, రోజూ గంట ప్రాక్టీస్ చేయమన్నారు. నేను పక్కనే కూర్చుంటాను. తప్పు పోతే మళ్లీ మొదటి నుంచి వాయించమంటాను. ఈ మధ్య కీబోర్డ్ ముందు కూర్చోగానే ఏడుపు. మొన్న "నాకు పియానో వద్దమ్మా" అనేసింది. మా వారేమో లెక్కల్లో మార్కులేం పెరగలేదుగా, ఆ గంట ఒలింపియాడ్ కోచింగ్‌కి పెడదాం అంటున్నారు. మన సంగీతం ఉండగా ఈ పియానో ఎందుకని మా అత్తయ్య గారి మాట. అసలు పియానో వల్ల పిల్లల ఎదుగుదలకి నిజంగా ఉపయోగం ఉందా? మానిపించేయమంటారా? లేకపోతే అసలైన పియానో కొనిస్తే మళ్లీ ఇష్టం పుడుతుందా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, విజయవాడ

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీరు దాన్ని ప్రశ్నగా అడగలేదు, మామూలుగా చెప్పుకుంటూ వెళ్లిపోయారు. "తప్పు పోతే మళ్లీ మొదటి నుంచి వాయించమంటాను" అన్నారు. పాప ఏడుపుకి మూలం చాలావరకు అక్కడే ఉందని నాకనిపిస్తోంది. గుంటూరులో ఇరవై ఏడేళ్లుగా పిల్లలకి పియానో నేర్పుతున్నాను, ఇలాంటి ఏడుపులు చాలా చూశాను. దాని గురించి వివరంగా చెబుతాను. ముందు లెక్కల సంగతి తేల్చుకుందాం, ఇంట్లో మాటా మాటా వస్తున్నది దాని మీదే కదా.

పియానోకీ లెక్కల మార్కులకీ మీకు చెప్పినంత దగ్గర సంబంధం లేదమ్మా. ఈ విషయంలో మీ వారి అనుమానం సరైనదే. ఈ ప్రచారం ఎక్కడ మొదలైందో చెబుతాను. 1993లో అమెరికాలో, ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 36 మంది కాలేజీ విద్యార్థులకి పది నిమిషాలు మొజార్ట్ పియానో సంగీతం వినిపించి, వెంటనే చిన్న పరీక్ష పెట్టారు. కాగితాన్ని మడిచి కత్తిరిస్తే, విప్పాక ఎలా కనిపిస్తుందో ఊహించి చెప్పడం లాంటివి అందులో ఉన్నాయి. వాళ్లు కాస్త మెరుగ్గా చేశారు. ఆ మెరుగు పది, పదిహేను నిమిషాలు మాత్రమే ఉంది. ఆ ప్రయోగంలో చిన్నపిల్లలు లేరు. ఎవరికీ పియానో నేర్పలేదు, విన్నారంతే. అయినా ఆ కబురు పేపర్లకెక్కి చిలవలు పలవలుగా పెరిగింది. 1998లో జార్జియా రాష్ట్ర గవర్నర్ అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ శాస్త్రీయ సంగీతం రికార్డు ఇవ్వడానికి బడ్జెట్‌లో డబ్బులు అడిగారు. ఆ మాటే ఊళ్లు తిరిగి తిరిగి మన బెంజ్ సర్కిల్ దాకా వచ్చింది.

పిల్లలకి నిజంగా నేర్పించి చూసిన ప్రయోగాలు వేరే ఉన్నాయి. టొరంటోలో 144 మంది ఆరేళ్ల పిల్లల్ని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకి కీబోర్డ్, ఒక జట్టుకి పాట, ఒక జట్టుకి నాటకం నేర్పారు, నాలుగో జట్టుకి ఏదీ నేర్పలేదు. ఫలితాలు 2004లో వచ్చాయి. కీబోర్డ్, పాట నేర్చుకున్నవాళ్ల ఐక్యూ ఏడాదిలో సగటున 7 పాయింట్లు పెరిగింది. మిగతా రెండు జట్లకీ 4 పాయింట్లకి పైగానే పెరిగింది, ఎందుకంటే అందరూ ఆ ఏడాదే బడిలో చేరారు. అంటే తేడా మూడు పాయింట్ల లోపే. నాటకం నేర్చుకున్న పిల్లలు మాత్రం నలుగురిలో మెలగడంలో మెరుగయ్యారు.

మాంట్రియల్‌లో జరిగింది మీకు ఇంకా బాగా పనికొస్తుంది. డబ్బు అంతగా లేని ఇళ్లలోని నాలుగో తరగతి పిల్లల్ని తీసుకుని, ఇంటికే పియానో ఇచ్చి, మూడేళ్లపాటు వారం వారం విడివిడిగా పాఠాలు చెప్పించారు. రెండేళ్లు గడిచేసరికి ఆ పిల్లలు తెలివితేటల పరీక్షల్లో మిగతావాళ్ల కంటే కొంచెం ముందున్నారు. మూడో ఏడు అయ్యేసరికి ఆ తేడా పోయింది. లెక్కల్లో గానీ భాషలో గానీ స్కూలు చదువుకి అదనంగా ఒరిగింది ఏమీ కనబడలేదు. ఒక్కటి మాత్రం పెరిగింది: తమ మీద తమకున్న నమ్మకం. 2020లో 54 అధ్యయనాలు, దాదాపు ఏడు వేల మంది పిల్లల వివరాలు కలిపి చూసినప్పుడు కూడా ఇదే తేలింది. పోలిక ఎంత జాగ్రత్తగా చేస్తే, చదువుకి కలిసొచ్చే లాభం అంతగా సున్నాకి దగ్గరైంది.

కాబట్టి మీ వారితో వాదన ఇక్కడితో ఆపేయండి. లెక్కలు రావాలంటే లెక్కలే చేయాలి. పాపకి కూడికల్లో, గుణకారాల్లో ఎక్కడైనా తడబాటు ఉంటే రోజూ పావుగంట దానికే పెట్టండి. మూడో తరగతి పిల్లకి సాయంత్రం అటు పావుగంట, ఇటు పావుగంట రెండూ సరిపోతాయి. ఒకటి ఉండాలంటే రెండోది పోవాలన్న పరిస్థితి మీ ఇంట్లో లేదు.

"రెండు వైపులా పనిచేయడం" గురించి కూడా ఒక్క మాట. బూట్ల లేసు కట్టుకున్నా, చపాతీ తుంచుకుని తిన్నా మెదడు రెండు వైపులా పనిచేస్తూనే ఉంటుంది. అది పియానోకి మాత్రమే దక్కిన వరం ఏమీ కాదు.

మరి పియానో ఏమిస్తుంది? ఏది సాధన చేస్తే అదే పెరుగుతుంది. పియానో సాధన చేయించేది చెవినీ, వేళ్లనీ. ఆరేళ్ల పిల్లలకి పదిహేను నెలలు కీబోర్డ్ నేర్పించి, ముందూ తర్వాతా మెదడు స్కాన్లు తీసి చూశారు. వేళ్లని కదిలించే భాగంలో, శబ్దాన్ని గ్రహించే భాగంలో, కుడి ఎడమల్ని కలిపే నరాల కట్టలో మార్పు కనిపించింది. ఆ మార్పు ఎక్కువున్న పిల్లలు వేళ్ల పరీక్షలో, స్వరాలు గుర్తుపట్టే పరీక్షలో బాగా చేశారు. బీజింగ్‌లో కిండర్‌గార్టెన్ పిల్లల మీద చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. ఆరు నెలలు, వారానికి మూడుసార్లు, ముప్పావుగంట చొప్పున పియానో నేర్పారు. ఐక్యూలో తేడా రాలేదు గానీ, ఒకే రకంగా వినిపించే మాటల్ని విడదీసి వినడంలో ఆ పిల్లలు మెరుగయ్యారు. చైనా భాషలో స్వరం మారితే మాట అర్థమే మారిపోతుంది, అందుకని మన తెలుగుకి ఆ కొలత యథాతథంగా తీసుకోలేం. కానీ చెవి పదునెక్కుతుందన్న సంగతి మాత్రం ప్రతి ఏడూ మా ఇంటి హాల్లో కళ్లారా చూస్తున్నాను. మొదట్లో రెండు పక్క స్వరాలు వాయిస్తే "రెండూ ఒకటే కదా మేడమ్" అనే పిల్లలు, ఏడాది తిరిగేసరికి గదిలో ఫ్యాన్ ఏ స్వరంలో తిరుగుతోందో వెతుకుతుంటారు.

ఇంకొకటి ఉంది, దానికి ఎవరి దగ్గరా కొలబద్ద లేదు. ఇప్పుడు మీ వాక్యం దగ్గరికి వస్తున్నాను.

పాప వాయించే పీస్ నేను చూడలేదు. అయినా ఆ స్థాయి పీసుల్లో మామూలుగా వచ్చే చిక్కు ఒకటి చెబుతాను, మీ కీబోర్డ్ మీద మీరే చేసి చూడండి. ఎనిమిది బార్ల పీస్ అనుకుందాం. బార్ అంటే తాళం లెక్క ప్రకారం గీతలతో విడదీసిన చిన్న ముక్క. రెండు నల్ల మెట్ల (కీస్) గుంపుకి ఎడమ పక్కనున్న తెల్ల మెట్టు సా అనుకోండి. నాలుగు బార్లు హాయిగా నడుస్తాయి. ఐదో బార్‌లో కుడిచేయి నడిమి వేలు గా మీద నాలుగు మాత్రల (తాళం లెక్కల) సేపు నిలబడి ఉండాలి. అదే సమయంలో ఎడమచేయి సా, రీ, గా, పా అని నడవాలి. ఎడమచేతి చిటికెన వేలు సా మీద, ఉంగరం వేలు రీ మీద, నడిమి వేలు గా మీద పడతాయి. ఆ తర్వాత చూపుడు వేలుని దాటేసి బొటనవేలితో పా నొక్కాలి. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఎడమచేయి కదలగానే, నిలబడాల్సిన కుడిచేయి కూడా లేచిపోతుంది. వరసలో తన వంతు వచ్చిందనుకుని చూపుడు వేలు మా నొక్కేస్తుంది. ఎనిమిదేళ్ల పిల్ల చేతులు ఒకదాన్ని చూసి ఒకటి కదులుతాయి. ఒకటి నడుస్తుంటే రెండోదాన్ని ఆపి ఉంచడం పెద్దవాళ్లకే కష్టం.

అక్కడ తప్పు పోయింది. మీరు "మళ్లీ మొదటి నుంచి" అన్నారు. పాప ఒకటి, రెండు, మూడు, నాలుగు బార్లు వాయించింది, అవి ఎలాగూ వచ్చినవే. ఐదో బార్‌కి వచ్చేసరికి మళ్లీ మా నొక్కింది. మళ్లీ మొదటి నుంచి. ఇలా ఇరవైసార్లు జరిగితే, వచ్చిన నాలుగు బార్లు ఇరవైసార్లు సాధన అయ్యాయి. ఐదో బార్‌లో తప్పు కూడా ఇరవైసార్లు సాధన అయింది. వేళ్లకి తప్పూ ఒప్పూ తెలియవు, ఏది ఎక్కువసార్లు చేస్తే దాన్నే పట్టుకుంటాయి. దాంతోపాటు పాప భయం కూడా నేర్చుకుంటుంది. ఈసారి పాప వేళ్లు చూడకండి, భుజాలు చూడండి. నాలుగో బార్ చివరికి వచ్చేసరికి భుజాలు చెవుల వైపు లేస్తుంటే, ఊపిరి బిగబడుతుంటే, ఆ పిల్ల ముందున్న బార్‌ని తలుచుకుని వణికిపోతోందని అర్థం. రోజూ గంటసేపు అలా కూర్చోవాలంటే ఏడుపు రాక ఏం చేస్తుంది చెప్పండి.

మరి ఏం చేయాలంటే, తప్పు దొర్లిన చోటే ఆగండి. మొదటికి వెళ్లొద్దు. "ఎక్కడ పోయింది?" అని పాపనే అడగండి, పెన్సిల్‌తో అక్కడ చిన్న చుక్క పెట్టమనండి. మీరు చూపించొద్దు, తను వెతకాలి. మొదట్లో మొత్తం లైను చూపిస్తుంది. నాలుగు రోజులకి బార్ చూపిస్తుంది. పది రోజులకి "ఇదిగో, ఈ వేలు" అంటుంది. కుడిచేతిని ఒళ్లో పెట్టుకోమనండి. ఎడమచేత్తో ఆ నాలుగు స్వరాలు, నత్తనడకన, ఐదుసార్లు. చూపుడు వేలు ఊరికే గాల్లో ఉండాలి, దాన్ని ఏమీ అనొద్దు. తర్వాత కుడిచేయి గా మీద పెట్టి, ఎడమచేయి ఒక్క సా మాత్రమే నొక్కాలి, అక్కడే ఆగాలి. కుడిచేయి ఉందా, లేచిపోయిందా? ఉంటే సా, రీ. మళ్లీ ఆగాలి. అలా ఒక్కొక్క స్వరం కలుపుకుంటూ పా దాకా వెళ్లాలి. ఐదో బార్ కుదిరాక నాలుగో బార్ చివరి స్వరం నుంచి అందుకుని ఐదో దాంట్లోకి దిగాలి. ఆ అతుకు కూడా కుదిరాక ఆ రోజుకి మూసేయొచ్చు. ఇదంతా పన్నెండు నిమిషాల పని.

ఒక పిల్లకి ఈ పద్ధతి చేతికొచ్చిందంటే, తప్పు ఎక్కడుందో వెతికి, దాన్ని చిన్నది చేసుకుని, నెమ్మదిగా సరిచేసి, మళ్లీ దాని చోట్లో అతికించడం వచ్చిందన్న మాట. పెద్దవాళ్లలోనే చాలామందికి రాని పని అది. అది లెక్కల పుస్తకంలోకి కూడా తనంతట తనే నడిచి వెళ్తుందని నేను హామీ ఇవ్వను, అలా ఇచ్చేవాళ్లని నమ్మొద్దు. కానీ పియానో దగ్గర మాత్రం తప్పు వెంటనే చెవికి తెలుస్తుంది, సరిదిద్దుకుంటే అదీ వెంటనే తెలుస్తుంది. ఎవరో దిద్ది మార్కులు వేసేదాకా ఆగక్కర్లేదు. మాంట్రియల్ పిల్లల్లో పెరిగిన ఆ నమ్మకం ఇక్కడి నుంచే వచ్చి ఉంటుందని నా ఊహ.

రోజూ గంట వద్దు. ఎనిమిదేళ్ల పిల్లకి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు చాలు, అది కూడా మనసు పెట్టి చేస్తే. ఆదివారం గంటన్నర కూర్చోబెట్టడం కంటే రోజూ పదిహేను నిమిషాలు మేలు. చివరి ఐదు నిమిషాలు తనకి నచ్చింది వాయించుకోనివ్వండి, సినిమా పాట అయినా సరే, అప్పుడు తప్పులు పట్టొద్దు.

పరీక్ష గురించి నా అభిప్రాయం: ఈసారికి వద్దు. గ్రేడ్ వన్ కంటే ముందు ఇనిషియల్ అనే మెట్టు ఉంది. ఈ పరీక్షలకి ఇన్నేళ్లకే రాయాలన్న నిబంధన లేదు. ఎనిమిదో ఏట రాయకపోతే ఏమీ చేజారిపోదు. పరీక్షంటే మామూలుగా మూడు పీసులు, స్కేల్స్ (స్వరాల వరసలు), ఇంకొన్ని చిన్న పరీక్షలు. వాటికోసం నెలల తరబడి ఆ మూడు పీసులే వాయిస్తూ కూర్చున్న పిల్లలు కొత్త కాగితం ఎదురుగా పెడితే చదవలేకపోవడం చూశాను. టీచర్‌తో గట్టిగా మాట్లాడాల్సిన పని లేదు. "ఆరు నెలలు పరీక్ష మాట ఎత్తకుండా చిన్న చిన్న కొత్త పీసులు ఇవ్వండి" అని అడగండి. మంచి టీచర్ అయితే సంతోషంగా ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే టీచర్‌ని మార్చండి, పియానోని మార్చకండి.

ఇది నేను ఊరికే చెప్పడం లేదమ్మా. చాలా ఏళ్ల క్రితం నా దగ్గరికి పదేళ్ల బాబు ఒకడు వచ్చేవాడు. చెవి ఎంత చక్కనిదంటే, క్లాసుకి వస్తూ దారిలో విన్న పాటని కూర్చుని వాయించేసేవాడు. నేను వాడిని గ్రేడ్ పరీక్షకి పెట్టాను. స్కూలు పరీక్షలు కూడా ఆ నెలలోనే. వాడు రెండుసార్లు వద్దన్నాడు. వాడికి వచ్చు కదా, ఎందుకు వదులుకోవాలి అని నేనే వాళ్లమ్మకి నచ్చజెప్పాను. మంచి మార్కులు వచ్చాయి. సర్టిఫికెట్ తీసుకోవడానికి వాళ్లమ్మ ఒక్కతే వచ్చింది. కీబోర్డ్ అటక మీద పెట్టించాడని, ఇంట్లో ఎవరు పాట పెట్టినా లేచి వెళ్లిపోతున్నాడని చెప్పింది. ఆ తప్పు నాది. వాడు వద్దన్నప్పుడు వినాల్సింది. మీ పాప "వద్దమ్మా" అన్నప్పుడు మీరు ఉత్తరం రాశారు, నేను ఆ పని కూడా చేయలేదు.

అసలైన పియానో కొనిస్తే ఇష్టం పుడుతుందా అన్నారు. ఇప్పుడు కొనొద్దు. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టోఫోరి అనే ఆయన పియానో చేయకముందు ఉన్న హార్ప్సికార్డ్ అనే వాద్యంలో మెట్టుని ఎంత గట్టిగా నొక్కినా శబ్దం దాదాపు ఒకేలా వచ్చేది. ఆయన తీగని సుత్తితో కొట్టే ఏర్పాటు చేశాడు. అప్పటి నుంచే వేలి బలాన్ని బట్టి మెత్తగా, గట్టిగా పలికించడం కుదిరింది. పిల్లల వేళ్లకి పియానో నేర్పే అసలు సున్నితత్వం అదే. కాబట్టి మీ కీబోర్డ్‌లో టచ్ రెస్పాన్స్ ఉందో లేదో చూడండి. మెల్లగా నొక్కితే చిన్నగా, గట్టిగా నొక్కితే పెద్దగా పలికితే ఉన్నట్టే, 61 కీస్‌తోనే ఇంకో ఏడాది, రెండేళ్లు గడిచిపోతాయి. ఆ తర్వాతా పాప ఇష్టంగా ఉంటే 88 కీస్ ఉన్న, మెట్లు కాస్త బరువుగా ఉండే డిజిటల్ పియానో తీసుకోండి. తీగలున్న పియానో మన వాతావరణంలో చాలా పని పెడుతుంది. ఎండాకాలం చెక్క ఎండుతుంది, వర్షాకాలం ఉబ్బుతుంది, శ్రుతి జారిపోతుంది. నా దగ్గర ఒకటుండేది, ప్రతిసారీ ట్యూనింగ్‌కి వేరే ఊరి నుంచి మనిషిని పిలిపించుకునేదాన్ని.

డబ్బు పెట్టాలనుంటే సరైన కుర్చీ మీద పెట్టండి. చాలా ఇళ్లలో కీబోర్డ్ దివాన్ మీద ఉంటుంది, పిల్ల బాసింపట్టు వేసుకుని కూర్చుని వాయిస్తుంటుంది. అప్పుడు మణికట్టు పైకి వంగి, ముంజేయి నొప్పి పుడుతుంది. స్టాండ్ మీద పెట్టండి. పాప మోచేయి మెట్ల ఎత్తుకి సమంగా రావాలి. కాళ్లు నేలకి అందకపోతే కింద పీట వేయండి. కాళ్లు వేలాడుతుంటే నడుం నిలవదు. పావుగంటకే "నొప్పి" అనే పిల్లల్లో కొంతమందికి కావలసింది ఆ పీటే.

ఇక అత్తయ్య గారి మాట. ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. మన రాగానికి ప్రాణం గమకం, అంటే స్వరాన్ని ఊగించి పలికించడం. పియానో మెట్టు ఒక స్వరం మీద గట్టిగా నిలబడిపోతుంది, ఊగదు. హార్మోనియం మీద కూడా ఇదే ఫిర్యాదు. ఇంకొన్ని కారణాలతో పాటు దీన్ని కూడా చూపి, ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని పక్కన పెట్టింది. అదే కాలంలో మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పద్యనాటకం హార్మోనియం లేనిదే తెర లేచేది కాదు. పాపకి పాట మీద మనసుంటే ఘంటసాల గారి పేరున ఉన్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల మీ ఊళ్లోనే ఉంది, ఒకసారి తీసుకెళ్లి చూపించండి. టొరంటో పిల్లల్లో కీబోర్డ్ జట్టుకీ పాట జట్టుకీ పెద్ద తేడా రాలేదు. చెవికి రెండూ మంచివే.

కానీ రెండింటికీ పోటీ పెట్టక్కర్లేదు. మీ కీబోర్డ్ మీద శంకరాభరణం రాగం తెల్ల మెట్ల మీదే ఉంది. రెండు నల్ల మెట్ల గుంపుకి ఎడమ పక్కనున్న తెల్ల మెట్టుని సా అనుకుని వరసగా వెళ్లడమే. అక్కడే రి, ద మాత్రం వాటి ఎడమ పక్కనున్న నల్ల మెట్లకి మారిస్తే సరళీ వరసలు పాడుకునే మాయామాళవగౌళ. అన్నిటికంటే అందమైనది నల్ల మెట్ల మీదుంది. మూడు నల్ల మెట్ల గుంపు వరసగా స, రి, గ. దాని కుడి పక్కన రెండు నల్ల మెట్ల గుంపు ప, ద. అంతే, మోహన రాగం. తెల్ల మెట్లు ముట్టుకోకుండా నల్లవాటి మీద ఎలా వాయించినా మోహనంలోనే ఉంటుంది, తప్పు స్వరం పడటానికి చోటే లేదు. హార్మోనియం వాళ్ల లెక్కలో అది నాలుగున్నర శ్రుతి, పెద్దావిడ గొంతుకి కూడా హాయిగా ఉంటుంది. చిన్నప్పుడు నేర్చుకున్న మోహనం గీతం ఏదైనా అత్తయ్య గారికి గుర్తుంటే ఆవిడని పాడమనండి, పాపని ఆ నల్ల మెట్ల మీద వెతుక్కోమనండి. ఏడుస్తున్న పిల్లల్ని నేను మళ్లీ పియానో దగ్గరికి తెచ్చుకునేది ఈ దారినే. మొదటి వారం పుస్తకం తెరవను.

నేను నేర్చుకున్నది గుంటూరులో, మా చర్చిలో కాళ్లతో తొక్కే హార్మోనియం మీద. ఆరేళ్లప్పుడు నా కాళ్లు కిందికి అందేవి కావు. మా నాన్నగారు పక్కనే ముక్కాలిపీట వేసుకుని ఆయన తొక్కేవారు, నేను మెట్లు నొక్కేదాన్ని. ఆయనకి సంగీతం రాదు. నేను ఆగితే ఆయనా ఆగేవారు, నేను మళ్లీ అందుకునేదాకా గాలి నిలబెట్టి ఉంచేవారు. తప్పు వాయించానో ఒప్పు వాయించానో ఆయనకి తెలియదు కాబట్టి నాకు భయం వేసేది కాదు.

మీ వారిని కూడా వారానికి రెండు సాయంత్రాలు పాప పక్కన కూర్చోమనండి. ఆయనకి ఏమీ రానక్కర్లేదు. కీబోర్డ్‌లో బాగా ఎడమవైపు, మూడు నల్ల మెట్ల గుంపులో మొదటిది ఒక వేలితో, దాని కుడి పక్క రెండు నల్ల మెట్ల గుంపులో మొదటిది ఇంకో వేలితో నొక్కి పట్టుకోవాలి. అవి సా, పా, తంబూరా లాగా మోగుతూ ఉంటాయి. శబ్దం సన్నగిల్లితే మళ్లీ నొక్కాలి. పైన నల్ల మెట్ల మీద పాప ఏం వాయిస్తుందో పాప ఇష్టం. పది నిమిషాలు చాలు. లెక్కల సంగతి ఆ పది నిమిషాల్లో ఎవరూ ఎత్తొద్దు. రెండు నెలలు ఇలా చేసి, పాప భుజాలు దిగాయో లేదో చూసి నాకు మళ్లీ రాయండి. అప్పటికీ వద్దంటే మానిపించండి, కీబోర్డ్ మాత్రం అటక మీద పెట్టకండి, హాల్లో మూత తీసి అలాగే ఉంచండి.